గీజరు నీళ్ళు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంటే: యానోడ్ కడ్డీని తీసి పారేయకుండా చేసుకోవలసిన పనులు

బెంగళూరులోని మా ఇంట్లో రెండు గీజర్లు ఉన్నాయి. ఒకటి రోజూ వాడేది, రెండోది ఊరి నుంచి చుట్టాలు వస్తే తప్ప స్విచ్చు వేయనిది. కొన్నేళ్ళ కిందట అనంతపురం నుంచి వచ్చిన మా అమ్మ ఆ రెండో స్నానాల గదిలోకి వెళ్ళి, రెండు చెంబులు పోసుకొని బయటికి వచ్చేసి, "నాయనా, ఆ నీళ్ళు మురిగిన గుడ్డు వాసనొస్తాండాయి, తల మీద పోసుకోలేకపోతిని" అన్నది. ప్లంబరును పిలిస్తే ఆయన గీజరు విప్పి, లోపల సున్నంతో, బూడిదరంగు బురదతో నిండిన ఒక కడ్డీని తీసి చూపించి, వాసనకు కారణం ఇదేనని చెప్పి, దాన్ని చెత్తబుట్టలో వేసి గీజరు మళ్ళీ బిగించి వెళ్ళాడు. వాసన నిజంగానే పోయింది. అయితే మూడో ఏడు రాకముందే గీజరు అడుగు నుంచి తుప్పు నీళ్ళు బొట్లు బొట్లుగా కారడం మొదలైంది. ట్యాంకుకు చిల్లు పడితే అతుకు వేసే వీలు లేదు గనుక గీజరే మార్చవలసి వచ్చింది. ఆ కడ్డీ ఎందుకున్నదో ఆ రోజు నాకు తెలిసి ఉంటే దాన్ని తీయనిచ్చేవాణ్ణి కాదు. అందుకే ఈ సంగతులన్నీ వివరంగా రాస్తున్నాను.

ఆ కడ్డీ పేరు యానోడ్ రాడ్. మన ఇళ్ళలోని గీజర్లలో ఎక్కువగా మెగ్నీషియంతో చేసినదే ఉంటుంది. చాలా గీజర్ల ట్యాంకు ఉక్కుతో చేసి లోపల గాజు వంటి ఎనామెల్ పూత పూస్తారు. ఆ పూత ఎంత బాగా పూసినా కంటికి కనబడని సూది రంధ్రాలు, అతుకుల దగ్గర పలుచని చోట్లు మిగులుతాయి. అక్కడ ఉక్కు నీటికి తగిలి తుప్పు పట్టాలి. కానీ అదే నీటిలో, అదే ట్యాంకుకు లోహబంధంతో తగిలి ఉన్న మెగ్నీషియం ఇనుము కన్నా తేలికగా ఎలక్ట్రాన్లను వదులుతుంది గనుక, ఇనుముకు బదులు అది కరుగుతుంది. 1824లో హంఫ్రీ డేవీ ఇంగ్లండు నౌకల అడుగున ఉండే రాగి రేకులను కాపాడడానికి వాటికి ఇనుము, జింకు ముక్కలు తగిలించి చూసిన పద్ధతే ఇది. కడ్డీ కరిగిపోవడం దాని లోపం కాదు, దాని పని. కరగడానికి ఇంకేమీ మిగలనప్పుడు తుప్పు ట్యాంకును పట్టుకుంటుంది. మా ఇంట్లో జరిగింది అదే, కాకపోతే కడ్డీని మేమే ముందుగా తీసేశాం.

మరి వాసన ఎక్కడిది? నేలలోని నీటిలో సల్ఫేటు ఎంతో కొంత ఉంటుంది. తాగునీటికి సంబంధించిన ఐఎస్ 10500 ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల సల్ఫేటును అంగీకరిస్తుంది, వేరే నీరు దొరకని చోట 400 వరకు అనుమతిస్తుంది. అంటే తాగడానికి పనికివచ్చే నీటిలో కూడా సల్ఫేటు దండిగా ఉండవచ్చు. ప్రాణవాయువు అక్కరలేకుండా ఆ సల్ఫేటుతోనే బతికే బాక్టీరియా కొన్ని ఉన్నాయి. మెగ్నీషియం కరిగేటప్పుడు పుట్టే హైడ్రోజన్ వాటికి ఆహారంగా పనికివస్తుంది. అవి ఆ హైడ్రోజన్‌ను వాడుకొని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. కుళ్ళిన గుడ్డు వాసన ఆ వాయువుదే. కాబట్టి వాసనకు కడ్డీ ఒక్కటే కారణం కాదు. సల్ఫేటు ఉన్న నీరు, బాక్టీరియా, కరిగే కడ్డీ, కదలకుండా గోరువెచ్చగా నిలిచిన నీరు, ఈ నాలుగూ ఒకచోట చేరితేనే వాసన పుడుతుంది. నాలుగింటిలో ఏ ఒక్కదాన్ని తప్పించినా వాసన ఆగుతుంది. కడ్డీని తప్పించడం వాటన్నిటిలోకీ ఖర్చు ఎక్కువైన మార్గం.

ముందుగా వాసన గీజరుదేనా అన్నది తేల్చుకోవాలి. స్నానాల గదిలోనే నిలబడి వాసన చూస్తే నేల మీది జాలీ నుంచి వచ్చే మురుగు వాసనను కూడా నీటికి అంటగడతాం. ఒక స్టీలు గ్లాసులో చన్నీళ్ళు, మరొక గ్లాసులో వేడినీళ్ళు పట్టి, రెండింటినీ హాల్లోకో బాల్కనీలోకో తీసుకెళ్ళి వాసన చూడండి. ఉదయం లేవగానే, ఎవరూ కుళాయి తిప్పకముందు చూడడం మంచిది, ఎందుకంటే ఈ వాయువుకు ముక్కు త్వరగా అలవాటు పడిపోయి వాసన పోయిందన్న భ్రమ కలుగుతుంది. వేడినీళ్ళలో మాత్రమే వాసన ఉంటే తప్పు గీజరులో ఉంది. రెండింటిలోనూ ఉంటే బోరులోనో, సంపులోనో, పైట్యాంకులోనో ఉంది. గీజరు ఎన్నిసార్లు విప్పినా లాభం ఉండదు. ఒక గదిలో ఉండి మరో గదిలో లేకపోతే ఆ ఒక్క గీజరు సంగతే చూసుకోవాలి. కుళ్ళిన గుడ్డు కాక మలినపు వాసన వస్తూ, అది చన్నీళ్ళలో కూడా ఉంటే సంపులోకి డ్రైనేజీ నీరు ఊరుతున్నదేమోనని అనుమానించి, పరీక్ష చేయించేదాకా ఆ నీటిని నోట్లో పోసుకోకూడదు. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే అది నీటి సమస్యే కాదు; వెంటనే మెయిన్ స్విచ్చు ఆపి ఎలక్ట్రీషియనును పిలవాలి.

బెంగళూరులో ఒకే ఇంటికి మూడు రకాల నీళ్ళు వస్తాయి. తొరెకాడనహళ్ళి నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరం పంపులతో ఎత్తి తెచ్చే కావేరి నీటిలో క్లోరిన్ కలిపి ఉంటుంది గనుక బాక్టీరియా బతకడం కష్టం. బోరు నీటికి ఆ రక్షణ లేదు, పైగా గట్టినీరు. ట్యాంకరు నీళ్ళు ఏ బోరు నుంచి వచ్చాయో తెచ్చినవాడు చెబితే తప్ప మనకు తెలియదు. మా వీధిలో ఎండాకాలం కావేరి సరఫరా తగ్గి ట్యాంకర్లు మొదలైన పక్షం రోజుల్లో గీజరు వాసన కూడా మొదలవుతుంది. అందుచేత వాసన ఎప్పుడు మొదలైందో, అప్పుడు ఏ నీళ్ళు వస్తున్నాయో ఒక కాగితం మీద రాసుకుంటే సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. చన్నీళ్ళకు కూడా వాసన ఉన్న ఇళ్ళలో సంపును ఖాళీ చేసి, అడుగు బురద ఎత్తి, గోడలు రుద్ది కడిగించాలి. తిరిగి నింపాక 5,000 లీటర్ల సంపుకు 100 గ్రాముల బ్లీచింగ్ పౌడరును బకెట్ నీళ్ళలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీటిని మాత్రమే పోసి, రాత్రంతా ఉంచాలి. ఆ ఘాటు తగ్గేవరకు ఆ నీటిని తాగకూడదు.

ఇక గీజరు సంగతి. విప్పడానికి ముందు వేడితో ప్రయత్నించాలి, ఎందుకంటే చాలా ఇళ్ళలో అంతటితోనే పని అయిపోతుంది. కరెంటు ఆదా కోసం మనం గీజరును పది నిమిషాలు వేసి ఆపేస్తాం. 15 లీటర్ల నీటిని 2,000 వాట్ల ఎలిమెంటు పది నిమిషాలు కాస్తే 19 డిగ్రీలు పెరుగుతుంది. 24 డిగ్రీల నీరు 43 డిగ్రీలకు చేరుతుంది. స్నానానికి అది చాలు. అయితే ఆ స్నానం తరువాత ట్యాంకులో మిగిలి చల్లారుతూ గంటలకొద్దీ గోరువెచ్చగా ఉండే నీరు ఈ బాక్టీరియాకు ఎంతో అనుకూలం. అదే గీజరును దాదాపు 20 నిమిషాలు వదిలితే నీరు 60 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిలో అవి బతకలేవు. కాబట్టి బయట మీట ఉన్న గీజరైతే దాన్ని గరిష్ఠానికి తిప్పి, దీపం దానంతట అది ఆరేవరకు కాగనిచ్చి, ఆ తరువాత ఒక గంట అలాగే ఉంచండి. పిమ్మట స్విచ్చు ఆపి, పిల్లలను గదిలోకి రానివ్వకుండా, వేడి కుళాయి కింద బకెట్ పెట్టి ట్యాంకు నీరంతా మారేవరకు వదలండి. 60 డిగ్రీల నీరు అయిదారు సెకన్లలో ఒళ్ళు బొబ్బలెక్కిస్తుంది, ఇక్కడ నీరు అంతకన్నా వేడిగా ఉండవచ్చు. అందుకే బకెట్‌లో ముందే సగం చన్నీళ్ళు పోసి ఉంచడం క్షేమం. ఇలా రెండు మూడు రోజులు చేశాక వాసన తగ్గితే, ఇకపై వారానికి ఒకసారి దీపం ఆరేవరకు కాగనివ్వడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది. రోజూ 75 డిగ్రీల మీద ఉంచడం మాత్రం సరికాదు, ఎందుకంటే గట్టినీటిలోని సున్నం వేడి పెరిగేకొద్దీ ఎక్కువగా పేరుకుంటుంది.

వేడితో తగ్గకపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడవచ్చు. పుండ్లు కడగడానికి మందుల షాపులో దొరికే 6 శాతం ద్రావణం 15 లీటర్ల ట్యాంకుకు 50 మిల్లీలీటర్లు చాలు. అది పని చేశాక నీరుగా, ప్రాణవాయువుగా విడిపోతుంది, ట్యాంకులో ఏమీ మిగలదు. గోడగీజరుకు పైన మూత ఉండదు గనుక ద్రావణాన్ని లోపలికి పంపడం ఎలాగన్నది చిక్కు. నేను చేసే పద్ధతి ఇది. కరెంటు పూర్తిగా ఆపి, నీరు చల్లారాక, గోడ దగ్గరి యాంగిల్ వాల్వు మూసి, చన్నీళ్ళు వెళ్ళే కనెక్షన్ పైపును గీజరు వైపు కొస దగ్గర విప్పాలి. గీజరు కింద బిగించిన సేఫ్టీ వాల్వు నీటిని వెనక్కి రానివ్వదు గనుక ట్యాంకు ఖాళీ కాదు. ఆ వాల్వు లేని గీజరైతే నీరంతా కిందికి వచ్చేస్తుంది, బకెట్ సిద్ధంగా ఉంచుకోవాలి. విప్పిన పైపును పైకి పట్టుకొని అందులోని నీటిని వంచేసి, ద్రావణం నింపితే రెండడుగుల పైపులో ఇంచుమించు ఆ 50 మిల్లీలీటర్లే పడుతుంది. పైపును తిరిగి బిగించి, వేడి కుళాయి తెరిచి, యాంగిల్ వాల్వును కొద్దిసేపు తిప్పితే ద్రావణం ట్యాంకులోకి వెళ్ళిపోతుంది. తరువాత యాంగిల్ వాల్వు మూసి, వేడి కుళాయిని మాత్రం తెరిచే ఉంచాలి, ఎందుకంటే లోపల పుట్టే ప్రాణవాయువు బయటికి పోవడానికి దారి కావాలి. మూడు గంటల తరువాత రెండు మూడు ట్యాంకుల నీరు పారించి కడిగేయాలి. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. దీన్ని గానీ బ్లీచింగ్ ద్రావణాన్ని గానీ యాసిడ్‌తోనో నిమ్మఉప్పుతోనో కలపకూడదు. బ్లీచింగ్, యాసిడ్ కలిస్తే విషవాయువు పుడుతుంది.

ఇవన్నీ చేసినా నెల తిరక్కుండా వాసన మళ్ళీ వస్తున్నదంటే ట్యాంకు అడుగున సున్నం గుట్టలా పేరుకొని, దాని కింద వేడి తగలని చోట బాక్టీరియా దాక్కున్నదని అర్థం. అప్పుడు గీజరు విప్పక తప్పదు. వారంటీ ఉన్నంతకాలం కంపెనీ మనిషితోనే విప్పించండి, విప్పేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. సొంతంగా చేసుకునేవారు ఎంసీబీ ఆపడంతో ఊరుకోకుండా మూడుపిన్నుల ప్లగ్గును కూడా సాకెట్ నుంచి ఊడదీసి, టెస్టరుతో చూసుకున్నాకే చేయి పెట్టాలి. ప్లగ్గు లేకుండా వైరు నేరుగా గోడలోకి వెళ్ళే ఇళ్ళలో ఎలక్ట్రీషియను లేకుండా ముట్టుకోవద్దు. వేడి కుళాయి తెరిచినంత మాత్రాన ట్యాంకు ఖాళీ కాదు, ఎందుకంటే వేడినీళ్ళ గొట్టం లోపల పైకప్పు దాకా ఉంటుంది. చన్నీళ్ళ వైపు సేఫ్టీ వాల్వును విప్పి, వేడి కుళాయి నుంచి గాలి లోపలికి పోనిస్తేనే నీరు దిగుతుంది. మొదట వచ్చే నీటిని ఒక తెల్లటి మగ్గులో పట్టి చూడండి. నల్లటి నలుసులుంటే అది ఐరన్ సల్ఫైడు, వాసన బాక్టీరియా పనేనని దాంతో రూఢి అవుతుంది.

అడుగు ప్లాస్టిక్ మూత తీశాక థర్మోస్టాట్, వేడి మితిమీరితే కరెంటు ఆపే కటౌట్, ఎలిమెంటు వైర్లు కనబడతాయి. వాటిని కదపకముందే ఫోనులో రెండు మూడు ఫొటోలు తీసుకోండి. ఆకుపచ్చ ఎర్త్ వైరు ఏ స్క్రూకు ఉన్నదో ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. చుట్టూ ఉన్న నట్లను ఒకదాని తరువాత ఒకటిగా కాక ఎదురెదురు నట్లను కొద్దికొద్దిగా వదులు చేస్తూ వస్తే పళ్ళెం వంటి ఫ్లాంజి, దానికి అతుక్కొని ఎలిమెంటు, దాని పక్కనే కడ్డీ కలిసి కిందికి వస్తాయి. కొన్ని రకాల గీజర్లలో కడ్డీ విడిగా బిగించి ఉంటుంది. సున్నం గట్టిగా పట్టి ఉంటే ఎలిమెంటు రంధ్రంలో నుంచి రాదు. బలవంతంగా లాగితే ఎనామెల్ పెచ్చు లేస్తుంది, ఆ పెచ్చు దగ్గరే రేపటి చిల్లు పడుతుంది. అలాంటప్పుడు వేలితోనో చెక్కపుల్లతోనో సున్నాన్ని మెల్లగా రాల్చుకుంటూ తీయాలి. ట్యాంకు లోపల ఇనుప గరిటె, స్క్రూడ్రైవరు పెట్టి గోకకూడదు. బయటికి తీసిన ఎలిమెంటును లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మఉప్పు కలిపిన ద్రావణంలో, విద్యుత్తు కొసలు తడవకుండా, రెండు గంటలు నానబెడితే సున్నం వదులుతుంది. బాత్‌రూమ్ యాసిడ్ త్వరగా పని చేస్తుంది, కానీ ఎలిమెంటు పైతొడుగును కూడా తినేస్తుంది గనుక నేను వాడను.

కడ్డీని చూసి నిర్ణయం తీసుకోవడంలోనే చాలామంది పొరపాటు పడతారు. బూడిదరంగులో గుంటలు పడి, ఎగుడుదిగుడుగా, చూడడానికి అసహ్యంగా ఉన్న కడ్డీ బాగా పని చేస్తున్న కడ్డీ. కొత్తదానిలా నున్నగా మిగిలినదాన్నే అనుమానించాలి. అది ఫ్లాంజికి సరిగా తగలడం లేదన్నమాట. మందం సగానికి పైగా పోయినా, నడుమ ఉన్న ఉక్కు తీగ బయటపడినా మార్చేయాలి. కొత్తది కొనడానికి పాతదాన్ని దుకాణానికి పట్టుకెళ్ళి, పొడవు, మందం, మర సరిపోల్చి తీసుకోండి. పొడవు ఎక్కువైతే లోపలి గొట్టానికి తగులుతుంది. మర దగ్గర టెఫ్లాన్ టేపు గట్టిగా చుడితే లోహానికి లోహం తగలదు, కడ్డీ ఉన్నా లేనట్టే అవుతుంది. కడ్డీ మర ఫ్లాంజికి పట్టే చోట సున్నం ఉంటే గరుకు కాగితంతో రుద్ది మెరిసేలా చేసి బిగించండి.

బోరు నీటిలో సల్ఫేటు ఎక్కువై ఏం చేసినా వాసన తిరిగి వస్తున్న ఇళ్ళలో మెగ్నీషియానికి బదులు అల్యూమినియం, జింకు కలిపిన కడ్డీ వేయించుకోవచ్చు. అది మెగ్నీషియం కన్నా నిదానంగా కరుగుతుంది గనుక హైడ్రోజన్ తక్కువ పుడుతుంది, వాసన కూడా తగ్గుతుంది. మీ గీజరుకు అది సరిపడుతుందా అని తయారీదారును అడిగాకే వేయించండి. విద్యుత్తుతో నడిచే టైటానియం యానోడ్ అయితే కరగదు, వాసనకు తావివ్వదు. పెద్ద ట్యాంకులున్నవారికి ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ పెట్టించుకుంటే వాసన పోతుందని చెప్పేవారున్నారు. అది కాల్షియాన్ని తీసి సోడియాన్ని ఇస్తుంది, సల్ఫేటును ముట్టుకోదు. పైగా అలా మెత్తబడిన నీటిలో కడ్డీ మరింత త్వరగా కరుగుతుంది. సాఫ్ట్‌నర్ ఉన్న ఇంట్లో కడ్డీని ఏడాదికి ఒకసారి తప్పనిసరిగా చూడాలి.

మిద్దె మీద సోలార్ ట్యాంకు ఉన్నవారికి ఒక మాట. ఆ ట్యాంకుల్లోనూ చాలావాటిలో మెగ్నీషియం కడ్డీ ఉంటుంది, నీరు 100 లీటర్లకు పైగా నిలవ ఉంటుంది. జులై, ఆగస్టు నెలల్లో బెంగళూరులో రోజుల తరబడి మబ్బు పట్టి ఉన్నప్పుడు ఆ నీరు 60 డిగ్రీల మొహం చూడదు. 35, 40 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. వానాకాలంలో మాత్రమే వాసన వచ్చే ఇళ్ళలో కారణం ఇదే. బ్యాకప్ హీటరు ఉంటే వారానికి ఒకసారి వేసి 60 డిగ్రీలు దాటించండి, లేకపోతే ఆ నెలల్లో రెండు వారాలకొకసారి ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి నింపండి.

గీజరును తిరిగి బిగించేటప్పుడు గాస్కెట్ గట్టిపడి ఉంటే మొహమాటపడకుండా కొత్తది వేయండి, నట్లను మళ్ళీ ఎదురెదురుగా బిగించుకుంటూ రండి, ఎర్త్ వైరును ఫొటోతో పోల్చి చూడండి. వేడి కుళాయి తెరిచి ఉంచి నీళ్ళు వదలండి; కుళాయి నుంచి గాలి తెరలు ఆగి నీరు నిండుగా ధార కట్టాకే స్విచ్చు వేయాలి, లేకపోతే నీరు లేని ట్యాంకులో ఎలిమెంటు క్షణాల్లో మాడిపోతుంది. మొదటిసారి కాగాక అడుగు మూత బిగించకముందే ఫ్లాంజి అంచు చుట్టూ పొడి వేలు తిప్పి చెమ్మ ఉన్నదేమో చూసుకోండి. నేను కడ్డీ మార్చిన తేదీని గీజరు పక్కన మార్కరుతో రాసి ఉంచుతున్నాను. మా రెండో గీజరు మీద ఇప్పుడు అలాంటి తేదీలు రెండు ఉన్నాయి. అమ్మ వస్తున్నానని ఫోను చేసిన రోజు దాన్ని దీపం ఆరేవరకు కాచి, ఆ ట్యాంకు నీరంతా వదిలేసి, తాజా నీటితో నింపుతాను.